కొత్త కారు మైలేజీ ఉన్నట్టుండి ఎందుకు పడిపోతుంది?

క్లుప్తంగా

కారు మొదటి రోజు నుంచీ తక్కువ మైలేజీ ఇవ్వడం వేరు, కొన్నాళ్లు బాగా ఇచ్చి ఒక్కసారిగా తగ్గిపోవడం వేరు. మొదటిదానికి జవాబు ఎక్కువసార్లు కంపెనీ చెప్పిన అంకెకూ మన రోడ్లకూ ఉన్న తేడాలోనే దొరుకుతుంది. రెండోది జరగాలంటే ఏదో ఒకటి మారి ఉండాలి. కొలిచే పద్ధతి కావచ్చు, తిరిగే దారి కావచ్చు, ఎండలు కావచ్చు, బండిలో ఒక భాగం కావచ్చు. ఒక్కో కారణం ఎంత మైలేజీ తినగలదో ముందుగా తెలుసుకుంటే, మూడు శాతం తినే కారణం మీద ముప్పై శాతం నేరం మోపి డబ్బు పోగొట్టుకునే పని తప్పుతుంది.

కంపెనీ అంకె ఎక్కడిది

షోరూమ్‌లో చెప్పే 'లీటరుకు 20', 'లీటరుకు 22' రోడ్డు మీద తీసిన లెక్కలు కావు. పుణెలోని ఏఆర్ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) లాంటి గుర్తింపు పొందిన సంస్థల ల్యాబ్‌లో, కారు చక్రాలను రోలర్ల మీద తిప్పుతూ తీసినవి. ఆ పరీక్ష మొత్తం 1,180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాల లోపే. అందులో కారు దాదాపు 11 కిలోమీటర్లు తిరుగుతుంది. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, 90 దాటదు. ఏసీ ఆపి ఉంటుంది. వేగం పెంచడం, తగ్గించడం అంతా ముందే గీసిన గ్రాఫ్ ప్రకారం నిదానంగా జరుగుతుంది. రెండు కార్లను పోల్చుకోవడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. పొద్దున తొమ్మిదిన్నరకు ఏసీ వేసుకుని కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి బయల్దేరే కారు ఎంత ఇస్తుందో దాన్ని బట్టి చెప్పలేం. నగరంలో ఆ అంకెకు నాలుగో వంతు తగ్గడం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తగ్గడం మామూలు.

కాబట్టి మైలేజీ పడిపోయిందా లేదా అన్నది తేల్చడానికి ఏఆర్ఏఐ అంకె కొలబద్ద కాదు. అదే కారు, అదే దారిలో, గత నెలలో ఎంత ఇచ్చిందన్నదే కొలబద్ద. ఇక్కడ ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. కొత్త ఇంజిన్‌లో పిస్టన్ రింగులు, గేర్లు, బేరింగులు ఒదగడానికి కొంత సమయం పడుతుంది. మొదటి కొన్ని వేల కిలోమీటర్లలో మైలేజీ కొద్దికొద్దిగా పెరగాలి. ఆ దశలో తగ్గిందంటే సహజంగా వెళ్లాల్సిన దిశకు ఎదురు వెళ్తోందన్నమాట. 'కొత్త బండి కదా, సర్దుకుంటుంది' అన్న మాట మొదటి నుంచీ తక్కువ ఇచ్చే కారుకు సరిపోతుంది గానీ, ఇచ్చి తగ్గిన కారుకు సరిపోదు.

ముందు కొలత నిజమో కాదో తేల్చాలి

వెయ్యి రూపాయల పెట్రోలు కొట్టించి, ఎన్ని గీతలు పెరిగాయో చూసి, అవి తగ్గేదాకా తిరిగిన కిలోమీటర్లతో లెక్క వేయడం చాలామందికి అలవాటు. ఫ్యూయల్ గేజ్ అంత కచ్చితమైన పరికరం కాదు. ట్యాంకు ఆకారం పైనా కిందా ఒకేలా ఉండదు కాబట్టి గీతలన్నీ ఒకే పరిమాణాన్ని చూపించవు. పైన రెండు గీతలు చాలాసేపు నిలిచి, కింద రెండూ గబగబా దిగిపోయే కార్లు ఎన్నో.

ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ పద్ధతి దీనికంటే చాలా మెరుగు. అందులోనూ ఒక మెలిక ఉంది. నాజిల్ ఆటో కట్ ప్రతిసారీ ఒకే మట్టం దగ్గర ఆగదు. పెట్రోలు నురగ పట్టినా, బండి కాస్త ఒరిగి ఉన్నా ముందే కట్ అవుతుంది. ఒక కారు నిజంగా 300 కిలోమీటర్లకు 20 లీటర్లు తాగిందనుకుందాం. అంటే లీటరుకు 15. మొదటిసారి నింపినప్పుడు నాజిల్ లీటరున్నర ముందే ఆగి ఉంటే, రెండోసారి 21.5 లీటర్లు పడుతుంది. లెక్కలో మైలేజీ 13.95కు దిగిపోతుంది. కారులో ఏ మార్పూ లేకుండానే ఏడు శాతం పోయినట్టు కనిపిస్తుంది. అదే లీటరున్నర తేడాను మూడు ట్యాంకులకు, 900 కిలోమీటర్లకు పరిస్తే మైలేజీ 14.6 దగ్గర తేలుతుంది. అందుకే ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పకూడదు. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు, మొదటి ఆటో కట్‌కే ఆపడం, మూడు ట్యాంకుల సగటు. ఇంత చేశాక కూడా తగ్గుదల కనిపిస్తే అది నిజమే.

డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటు మైలేజీ వేరే దారిలో వస్తుంది. ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో కంప్యూటర్ లెక్కగట్టి, దాన్నుంచి ఇంధనం అంచనా వేస్తుంది. చాలా కార్లలో అది అసలు కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది. అయినా రోగం ఎటువైపు ఉందో తేల్చడంలో దానికి సాటి లేదు. డిస్‌ప్లే అంకె పాతలాగే ఉండి, ట్యాంకు లెక్క మాత్రమే పడిపోతే, ఇంజెక్టర్ దాకా చేరకముందే ఏదో తేడా ఉంది. బంకులో తక్కువ పోస్తున్నారు, లేదా ఎక్కడో కారుతోంది, లేదా నింపే పద్ధతిలో పొరపాటు ఉంది. రెండూ కలిసి పడిపోతే ఇంజిన్ నిజంగానే ఎక్కువ తాగుతోంది, కారణం బండిలోనో దారిలోనో ఉంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. కొన్ని కార్లలో ఇంధనం నింపగానే సగటు దానంతటదే సున్నాకు వచ్చేస్తుంది. అప్పుడు కనిపించేది ఆ రోజు తిరుగుడు అంకె మాత్రమే, దాన్ని నెల సగటుతో పోల్చి టెన్షన్ పడాల్సిన పని లేదు.

లీటరుకు కిలోమీటర్లు అనే కొలతలో కూడా కళ్లు మోసపోయే గుణం ఉంది. 20 నుంచి 16కు పడితే నాలుగు పోయాయి, 12 నుంచి 10కి పడితే రెండే పోయాయి అనిపిస్తుంది. వంద కిలోమీటర్లకు ఖర్చు చూస్తే మొదటి కారు 1.25 లీటర్లు, రెండోది 1.67 లీటర్లు అదనంగా తాగుతోంది. పెద్ద పడిపోవడం రెండోదే.

బండి మారకపోయినా దారి మారితే

నిజంగా తగ్గిందని తేలాక చూడాల్సింది ట్రాఫిక్. నిలబడి ఉన్న కారు మైలేజీ సున్నా. ఏసీ వేసి నిలబడ్డ ఒక మామూలు చిన్న పెట్రోలు కారు గంటకు సుమారు ఒక లీటరు తాగుతుంది. ఆఫీసుకు 12 కిలోమీటర్లు, లీటరుకు 15 చొప్పున 0.8 లీటర్లు ఖర్చయ్యే కారును తీసుకుందాం. దారిలో ఫ్లైఓవర్ పనులు మొదలై రోజూ అదనంగా 25 నిమిషాలు నిలబడాల్సి వస్తే మరో 0.4 లీటర్లు పోతాయి. మొత్తం 1.2 లీటర్లు. మైలేజీ పదికి దిగింది. మూడో వంతు పోయింది, బండిలో ఒక్క బోల్టు కూడా వదులవలేదు. బడులు తెరిచే జూన్‌లోనో, ఇల్లు మారినప్పుడో, ఇంటి నుంచి పని ఆగి ఆఫీసుకు వెళ్లడం మొదలైనప్పుడో ఇలాంటి ఫిర్యాదు వస్తే, ముందు డ్యాష్‌బోర్డులో సగటు వేగం చూడాలి. అది గంటకు 24 నుంచి 15కు పడి ఉంటే జవాబు చాలావరకు అక్కడే ఉంది.

వేసవి దీనికి తోడవుతుంది. విజయవాడ, రామగుండం లాంటి చోట్ల ఎండలో నిలబెట్టిన కారు లోపలి వేడిని దించడానికి కంప్రెసర్ మొదటి పది, పదిహేను నిమిషాలు పూర్తి బలంతో పనిచేస్తుంది. ప్రయాణమే పదిహేను నిమిషాలైతే ఏసీ ఒక్క క్షణం కూడా తేలిక పడదు. విపరీతమైన ఎండలో, చిన్న చిన్న ప్రయాణాల్లో ఏసీ వల్ల నాలుగో వంతు మైలేజీ పోవడం కూడా సాధ్యమే. అదే కారు హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే ఎక్కితే, లోపల చల్లబడ్డాక ఏసీ భారం బాగా తగ్గిపోతుంది.

హైవే మీద అసలు శత్రువు గాలి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో వెళ్లే కారును 120కి పెంచితే వేగం ఒకటిన్నర రెట్లే పెరిగినా, గాలి వెనక్కి నెట్టే బలం రెండుంపావు రెట్లవుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా అనుమతి ఉంది కాబట్టి ఆ వేగంలోనే వెళ్లి, ఊరి హైవేలో 80లో వచ్చిన మైలేజీతో పోల్చి కంగారు పడటం సరికాదు. పైన క్యారియర్ బిగిస్తే ఈ నష్టం ఇంకా పెరుగుతుంది.

ఈ20 పెట్రోలు ఎంత తినగలదు

మైలేజీ మాట రాగానే అందరి వేలూ ఇప్పుడు పెట్రోలులో కలిపే ఇథనాల్ వైపే లేస్తోంది. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. అందుకని 20 శాతం కలిపితే, అంటే ఈ20లో, ఇంధనంలోని శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. దేశంలో 2022లో చేరుకున్న పది శాతం మిశ్రమంతో పోలిస్తే తేడా మూడున్నర శాతం లోపే. నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా ఇలాంటి అంచనాలే ఇచ్చింది. ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై, పది శాతానికి సర్దిన కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గుతుందని, పది శాతం కోసం తయారై ఇరవైకి సర్దిన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గుతుందని చెప్పింది.

ఇది నిజమైన నష్టమే. పాత కార్ల యజమానుల ఆవేదనకు ఆధారం ఉంది. కానీ 2025లోనో ఆ తర్వాతో కొన్న కారు షోరూమ్ నుంచి బయటికి వచ్చిన రోజు నుంచీ ఈ20 మీదే నడుస్తోంది. దాని వల్ల తగ్గాల్సింది మొదటి ట్యాంకులోనే తగ్గి ఉండాలి. నాలుగో నెలలో 17 నుంచి 12కు పడిన మైలేజీకి ఈ20 కారణం కాలేదు. పరిమాణమూ కుదరదు, సమయమూ కుదరదు. ఆ జవాబుతో సరిపెట్టుకుంటే అసలు లోపం అలాగే మిగిలిపోతుంది.

టైర్లు, పట్టేసే బ్రేకులు

టైర్లలో గాలి తగ్గితే మైలేజీ తగ్గుతుందన్నది నిజం. ఎంత అన్నదే ప్రశ్న. నాలుగు టైర్లలో గాలి ఒత్తిడి ఒక్క పీఎస్ఐ (ఆ ఒత్తిడిని కొలిచే యూనిట్) తగ్గితే సుమారు 0.2 శాతం మైలేజీ పోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. 33 ఉండాల్సిన చోట 25 ఉన్నా ఆ లెక్కన రెండు శాతం లోపే. టైరు అరుగుదల కోసం, భద్రత కోసం గాలి సరిచూడటం తప్పనిసరి, పెద్ద తగ్గుదలకు మాత్రం అదొక్కటే కారణం కాదు. ఎంత గాలి పెట్టాలన్నది డ్రైవర్ వైపు తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

కొత్త కారుకు సరదాగా మార్పించే వెడల్పు టైర్లు రెండు విధాలుగా దెబ్బ కొడతాయి. రోడ్డు రాపిడి పెరుగుతుంది, కిలోమీటర్ల లెక్కా తప్పుతుంది. 185/65 ఆర్15 తీసి 195/65 ఆర్15 వేస్తే టైరు వ్యాసం రెండు శాతం పెరుగుతుంది. కారు 102 కిలోమీటర్లు తిరిగితే మీటరు 100 అనే చూపిస్తుంది. తిరిగిన దూరంలో రెండు శాతం లెక్కలోకే రాలేదు కాబట్టి మైలేజీ కూడా అంతే తగ్గినట్టు కనిపిస్తుంది.

ఒక్కసారిగా, బాగా తగ్గిందంటే అనుమానించాల్సింది బ్రేకులను. వర్షాకాలంలో హ్యాండ్‌బ్రేక్ వేసి వారం రోజులు కదపకుండా ఉంచిన కారులో వెనక బ్రేక్ షూలు డ్రమ్ముకు అతుక్కుపోవడం మామూలే. ముందు చక్రాల కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పిన్నులు మట్టి పట్టి, పెడల్ వదిలినా ప్యాడ్ డిస్క్‌ను వదలకపోవచ్చు. అప్పుడు ఇంజిన్ ప్రతి కిలోమీటరూ బ్రేకుతో కుస్తీ పడుతుంది. ఇంటి దగ్గరే గమనించడానికి దారి ఉంది. బ్రేకులు పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు నడిపి, నెమ్మదిగా పక్కకు ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. తాకకూడదు, కాలుతుంది. మూడు చక్రాలు గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం సెగలు కక్కుతూ, కాలిన వాసన వేస్తుంటే లోపం అక్కడే. చదునైన రోడ్డు మీద న్యూట్రల్‌లో వదిలితే ఇదివరకటిలా సాగకుండా త్వరగా ఆగిపోవడం కూడా దీనికి గుర్తే.

ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుంటే

చల్లని ఇంజిన్‌కు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కూలెంట్ (ఇంజిన్ చుట్టూ తిరిగే చల్లబరిచే ద్రవం) వేడెక్కాక తగ్గిస్తుంది. ఈ వేడిని అదుపు చేసేది థర్మోస్టాట్. అది తెరుచుకున్న స్థితిలోనే ఇరుక్కుపోతే కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లోకి వెళ్లి చల్లబడిపోతుంటుంది, ఇంజిన్ సరైన వేడికి చేరదు. బండి మామూలుగానే నడుస్తుంది కాబట్టి యజమానికి తెలియదు, పెట్రోలు మాత్రం అదనంగా పోతూనే ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి వేడి చూపించే ముల్లు లేదు, ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు నీలం దీపం వెలుగుతుంది. ఇదివరకు రెండు మూడు కిలోమీటర్లకే ఆరిపోయే ఆ దీపం ఇప్పుడు చాలాసేపు వెలుగుతోందంటే వెంటనే చెప్పాల్సిన విషయం అది.

మరొకటి ఆక్సిజన్ సెన్సర్. పొగ గొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటర్‌కు చెప్పేది అదే. దాని మాట అందకపోతే కంప్యూటర్ ముందే రాసి పెట్టుకున్న అంచనాలతో నడిపిస్తుంది, అవి ఇంజిన్ క్షేమం కోసం కాస్త ఎక్కువ పెట్రోలు వైపే ఉంటాయి. కొత్త కారులో సెన్సర్ పాడవడం అరుదు. దాని వైరు తెగడం అంత అరుదు కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో రాత్రంతా నిలబడే కార్ల బానెట్ కింద ఎలుకలు చేరి వైర్లు కొరకడం మన నగరాల్లో సర్వీస్ సెంటర్లకు బాగా పరిచయమైన సంగతి. ఇంధనం పైపు కొరికితే అది మైలేజీ సమస్యతో ఆగదు, నిప్పు ప్రమాదం. పెట్రోలు వాసన వస్తే బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలిపించాలి.

బ్యాటరీ వైరు తీసి పెట్టినా కొన్నాళ్లు తేడా కనిపించవచ్చు. స్టీరియో, కెమెరా బిగించేటప్పుడు బ్యాటరీ తీస్తే కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లు చెరిగిపోతాయి, మళ్లీ నేర్చుకోవడానికి కొన్ని రోజుల నడక కావాలి. ఇది దానంతటదే తగ్గే సమస్య.

ఎయిర్ ఫిల్టర్ మురికి పట్టిందని మార్చేయడం పాత అలవాటు. కార్బ్యురేటర్ కాలంలో దానికి అర్థం ఉంది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గాలి తగ్గితే కంప్యూటర్ పెట్రోలు కూడా తగ్గిస్తుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ పరీక్షల్లో మురికి ఫిల్టర్ వల్ల పికప్ తగ్గింది గానీ, మైలేజీ దాదాపు మారలేదు. ఆరు నెలల కారుకు ఫిల్టర్ మార్చి 'ఇక చూడండి' అంటే అసలు లోపం వెతకలేదనే అర్థం.

డీజిల్ కార్ల కథ వేరు

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది నిండగానే కంప్యూటర్ అదనంగా డీజిల్ పోసి, ఫిల్టర్ వేడిని దాదాపు 600 డిగ్రీలకు పెంచి మసిని కాల్చేస్తుంది. ఆ పది, ఇరవై నిమిషాలు డిస్‌ప్లేలో మైలేజీ ఘోరంగా పడిపోతుంది. నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం (ఐడిల్) కాస్త పెరుగుతుంది, బండి ఆపాక కూడా ఫ్యాన్ హోరుమంటూ తిరుగుతుంది. హైవే మీద తిరిగే కారులో ఇది ఎప్పుడు జరిగిందో కూడా తెలియదు. రోజూ ఐదారు కిలోమీటర్లు తిరిగి ఆపేసే కారులో మసి సగం కాలగానే ఇంజిన్ ఆగిపోతుంది, మర్నాడు మళ్లీ మొదలు. డీజిల్ రోజూ పోతుంది, ఫిల్టర్ మాత్రం శుభ్రపడదు. కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి ఆయిల్ మట్టం పెరగడం దీని మరో పర్యవసానం. మాన్యువల్లో చెప్పిన వేగంలో, ఆపకుండా, వారానికోసారి హైవే మీద అరగంట నడపడమే దీనికి మందు. నగరం దాటని కుటుంబానికి డీజిల్ కారు అంటగట్టేటప్పుడు షోరూమ్‌లో ఈ మాట చెప్పకపోవడం అన్యాయం.

బంకు మీద అనుమానం వస్తే

2020లో సైబరాబాద్ పోలీసులు తెలుగు రాష్ట్రాల్లోని బంకుల్లో చిప్‌లు అమర్చి తక్కువ పోస్తున్న ముఠాను పట్టుకున్నారు కాబట్టి ఈ అనుమానాన్ని కొట్టిపారేయలేం. తేల్చుకోవడం కూడా కష్టం కాదు. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి, అడిగితే అందులో పోసి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకే అనుమతి, అంటే అర శాతం. సాంద్రత చూపించమని, ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేయమని అడిగే హక్కు కూడా వినియోగదారుడికి ఉంది. డిస్‌ప్లే అంకె మారకుండా ట్యాంకు లెక్క మాత్రమే పడిపోయినవాళ్లు వేరే బంకులో మూడు ట్యాంకులు నింపి చూస్తే చాలు.

సర్వీస్ సెంటర్‌లో ఏం అడగాలి

జాబ్ కార్డ్ మీద 'మైలేజీ తక్కువ' అని రాయిస్తే 'ట్రాఫిక్‌లో అంతేనండి' అన్న జవాబే వస్తుంది. ఫలానా తేదీ నుంచి, ఫలానా కిలోమీటర్ల రీడింగ్ నుంచి, మూడు ట్యాంకుల సగటు ఇంత నుంచి ఇంతకు తగ్గింది, సగటు వేగం మాత్రం మారలేదు అని రాయించాలి. ఆ వారంలో ఏం జరిగిందో కూడా చేర్చాలి: సర్వీసు, టైర్ల మార్పు, యాక్సెసరీలు, నీళ్లలో నడపడం. సర్వీసులో ఆయిల్ మార్చి ఉంటే బిల్లు మీద గ్రేడ్ చూడాలి. మాన్యువల్ 0డబ్ల్యూ-20 అంటే దానికంటే చిక్కటిది పోయడం వల్ల ఒకటి రెండు శాతం తగ్గవచ్చు.

ఇంజిన్ చెక్ లైట్ వెలగకపోయినా, కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే స్కానర్ పెట్టించాలి. కూలెంట్ వేడి, ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్, పెట్రోలు సర్దుబాటు శాతం అందులో కనిపిస్తాయి. ఆ సర్దుబాటు పది శాతం దాటి నిలకడగా ఉంటే కంప్యూటర్ ఏదో లోపాన్ని కప్పిపుచ్చుతూ నడిపిస్తోందన్నమాట. నాలుగు చక్రాలనూ లేపి చేత్తో తిప్పి చూడమని అడగడం కూడా న్యాయమైన కోరికే.

సెకండ్ హ్యాండ్‌లో కొత్తగా కొన్న కారైతే పోల్చడానికి పాత లెక్కే ఉండదు, అమ్మినవాళ్ల మాట తప్ప. అక్కడ స్కానర్‌తో పాటు స్పార్క్ ప్లగ్‌లు, క్లచ్, అలైన్‌మెంట్ మొదటి వారంలోనే చూపించుకోవాలి.

సర్వీస్ సెంటర్లు సాధారణంగా యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, హైవే మీద నిలకడైన వేగంలో నడిపి మైలేజీ టెస్ట్ చేస్తాయి. ఆ టెస్టులో మంచి అంకె వస్తే బ్రేకులు పట్టడం లేదని, ఇంజిన్ వేడెక్కాక సరిగ్గానే నడుస్తోందని తేలుతుంది. మొదటి ఐదు కిలోమీటర్లలో ఇంజిన్ ఎంత తాగుతోందో, ట్రాఫిక్‌లో ఏసీ ఎంత తింటోందో, డీపీఎఫ్ ఎన్నిసార్లు మసి కాలుస్తోందో ఆ టెస్టుకు తెలియదు. అందుకని నగరంలో సమస్య ఉన్నవాళ్లు రాత్రంతా చల్లబడ్డ కారును సర్వీస్ సెంటర్‌లోనే ఉంచి, పొద్దున రోజువారీ దారి లాంటి దారిలో ఇంకో టెస్ట్ చేయమని కోరాలి. రెండు టెస్టుల్లో వేగం, ఏసీ స్థితి, పట్టిన లీటర్లు జాబ్ కార్డ్ మీద రాయించుకోవాలి. వారంటీ కింద రిపేరు అడిగినా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లినా మొదట అడిగేది ఆ కాగితమే.